ఆశ్రిత చెయ్యి

బెళుగుప్ప,
ఆదివారం.

అన్నా,

వదినా నువ్వూ బాగున్నారని తలుస్తాను. పాపను తీసుకుని మేం ఊళ్లు తిరుగుతున్నామని ఎవరో చెబితే సంతోషపడ్డావట. నిజమే, ఏడు నెలల పిల్లతో మోటారు సైకిలు మీద చాలా ఊళ్లే తిరిగాం. అన్నీ బోర్ల దగ్గరికే.

మా చేలో బోరు వేసిన రోజు పాప ఆశ్రిత చెయ్యి బోరుబండికి తాకించి టెంకాయ కొట్టారు. నీళ్లు పడ్డాయి. అప్పటినుంచి ఎవరు బోరు వేసినా మీ బావ దగ్గరికొచ్చి, "పాపను ఒకతూరి ఎత్తుకొని రాప్పా" అంటారు. ఆయన కాదనలేడు. ఆ రాతిదుమ్ములో గంటలకొద్దీ నిలబడతాం. పాపకు నెలనుంచీ దగ్గు తగ్గడం లేదు.

మొన్న గుత్తి దగ్గర ఐదు వందల అడుగులు దించినా దుమ్మే వచ్చింది. ఆ రైతు బోరు వైపు చూడలేదు, పాప చేతినే చూస్తూ ఉండిపోయాడు. మీ బావ ఏమన్నాడో తెలుసా? "పిల్లకు జరం ఉండాది, అందుకే పడలేదన్నా. తగ్గినాక మళ్లా తెస్తాన్లే."

నువ్వొచ్చి మమ్మల్ని తీసుకుపో. ఊరికే చూడాలనిపించి వచ్చానంటే పంపడు. డాక్టరుకు చూపిస్తానన్నా పంపడు. నీ చేలో బోరు వేయిస్తున్నానని చెప్పు. తనే పాపకు కొత్త గౌను తొడిగి బస్సెక్కిస్తాడు.

నీ చెల్లెలు