గీజర్ కింద రబ్బరు చెప్పులు

ఆదివారం, పడుకునే ముందు

మా ఆయన నాచారంలో ఒక ఫ్యాక్టరీకి సేఫ్టీ ఆఫీసర్. అక్కడ వైరు తొడుగు కాస్త చిరిగినా మెషీన్ ఆపించే మనిషి. ఇంట్లో గీజర్ నుంచి నీళ్లు ఎర్రగా వస్తే, "బోరు నీళ్లు గట్లనే ఉంటయి" అన్నాడు. అడుగున చుక్కలు కారితే మగ్గు పెట్టాడు. నల్లా ముట్టుకుంటే షాక్ కొడుతోందంటే రబ్బరు చెప్పులు కొనుక్కొచ్చి బాత్రూమ్ గుమ్మంలో పెట్టాడు. మహా మేధావి.

ఈరోజు దమ్మాయిగూడ నుంచి మా చెల్లెలి కూతురు వచ్చింది. ఉత్త కాళ్లతో వెళ్లి నల్లా తిప్పింది. కేక విని పరుగెత్తాను. పిల్ల చెయ్యి విదిలించుకుంటూ ఏడుస్తోంది. మా పాప తాపీగా, "చెప్పులేసుకోలేదా? స్నానానికి పోతే ఏసుకోవాలె గదా" అంది. అందరిళ్లలోనూ అంతేననుకుంటోంది.

మెయిన్ ఆపి, ఉప్పల్ నుంచి మెకానిక్‌ని పిలిపించాను. అతను మూత విప్పి చూసి, "లోపల ట్యాంకే తుప్పు వట్టిందక్కా. గిది రిపేరయ్యేది గాదు, కొత్తది వెట్టాల్సిందే. ఇన్ని దినాలు ఎట్ల వాడిన్రు?" అన్నాడు.

"నేను ముందే జెప్పిన, జర జాగ్రత్తగుండాలని" అన్నాడు మా ఆయన. ఆ మాట అనడానికి కూడా ఒక మొహం ఉండాలి.

గీజర్ దింపించేశాను. చెప్పులు తీసుకెళ్లి ఆయన ఫ్యాక్టరీ హెల్మెట్‌లో పడేశాను. ఇందాక పాప కాళ్లు కడుక్కోవడానికి వెళ్లి బాత్రూమ్ బయటే ఆగిపోయింది.

"చెప్పుల్లేవు మమ్మీ, లోపలికి ఎట్ల పోవాలె?"

ఆయన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను కానీ, ఇన్నాళ్లూ అవి వేసుకునే కదా నేనూ స్నానం చేసింది.