తల్లి సంతకం చాలట

శుక్రవారం, పలాస

కడుపు మండిపోతోంది. సరోజ నాకు ఒక్క మాటైనా చెప్పకుండా మా పాపను దత్తతకు అప్పగించేసింది. ఈ సంగతి తెలియగానే జీడిపప్పు ఫ్యాక్టరీలో పని వదిలేసి, టెక్కలిలో లాయరు దగ్గరికి పరిగెత్తాను.

“పెళ్లవనేదు గదా బాబూ, తల్లి సంతకం సాలు. అప్పగించిన రెండు నెలల్లోపు ఆవిడ మనసు మార్సుకుంటే తప్ప పాప తిరిగి రాదు,” అన్నాడు.

కన్నతండ్రికి విలువే లేదా అని బల్ల గుద్దాను. బయటికొచ్చి సరోజకు ఫోన్ చేసి అరిచాను.

“కడుపుతో ఉన్నన్నాళ్లూ నా ఫోనెత్తనేదు. ఇప్పుడు నాన్నవైపోయావేటి?” అంది.

నిజమే, ఎత్తలేదు. అయినా కోపం చల్లారడం లేదు. ఆ గడువుకు ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. రేపు సుమ్మాదేవిలో సరోజ వాళ్లింటికి వెళ్లి, పెళ్లి చేసుకుందామని అడుగుతాను. పాప కోసమే అడుగుతున్నావంటుంది. కాదని చెప్పలేను.