ఈ శుక్రవారం కారుకు నీళ్లు పోయొద్దు

జేజినాయనా,

ఈ పొద్దు అంబాసిడర్ బయటికి తీయొద్దు. జేజిని కడప కంటి ఆసుపత్రికి బస్సులోనే తీసుకుపో. వెనక సీటు ముందర కాళ్ల కింద పరిచిన పట్టా ఎత్తి చూశాను. కింద రేకు తుప్పుపట్టి, నా చెయ్యి దూరేంత బొక్క పడింది. నేల కనిపిస్తోంది. జేజి కాళ్లు పెట్టేది సరిగ్గా అక్కడే. చెక్క అడ్డం పెట్టాను గానీ అది ఆగుతుందని నాకు నమ్మకం లేదు.

మొన్న పట్టా తడిగా ఉందంటే నువ్వు నవ్వావు. "ఏం పాపా, మన ఊర్లో వాన యాడ పడిండాది, కారులోకి నీళ్లొచ్చేకి?" అన్నావు. అందరూ నవ్వారు. అవి వాన నీళ్లు కాదు జేజినాయనా. ప్రతి శుక్రవారం కారు పూజకు ముందు నువ్వు బిందెలతో పైనుంచి పోసే నీళ్లే. వెనక అద్దం చుట్టూ రబ్బరు ఎండి పగిలింది. ఆ సందులోంచే లోపలికి దిగుతున్నాయి.

రబ్బరు మార్చి, రేకు అతికించేవరకు నీళ్లు పోయొద్దు. స్కూలు బస్సు వచ్చింది, పోతున్నా.

నీ మనవరాలు తనూజ

ఈ వారం పూజ నేనే చేసేశాను. తడిగుడ్డతో తుడిచి బొట్టు పెట్టాను, కోప్పడొద్దు. బొక్క సంగతి జేజికి చెప్పొద్దు. కారును పాత ఇనుముకు వేసేయమంటుంది.