మందులేమీ లేవు

ఏప్రిల్ 12, 2008, పార్సిప్పనీ

శశికాంత్ ఇవాళ చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. నేనే పెట్టాను. ముప్పై నాలుగేళ్ళకే కీళ్ళవాతం, అదీ వేళ్ళకే. మౌస్ పట్టుకోలేని మొగుడికి ప్రాజెక్ట్ ఎవడు ఎక్స్‌టెండ్ చేస్తాడు? ప్రాజెక్ట్ పోతే వీసా పోతుంది. రుమటాలజిస్ట్ ఇచ్చిన టాబ్లెట్లకి లివర్ రీడింగ్స్ పెరిగాయని అవీ ఆపేశారు.

ఏప్రిల్ 19

పక్క అపార్ట్‌మెంట్ భీమశంకరం అంకుల్ కొరియన్ వైద్యం సంగతి చెప్పారు. తేనెటీగ విషాన్ని బాగా పల్చన చేసి, సన్న సూదితో కీళ్ళ దగ్గర ఎక్కిస్తారట. ఆయన మోకాలినొప్పి దానికే లొంగిందట. ముల్లును ముల్లుతోనే తీయాలమ్మా అన్నారు. నాకు భయమేసింది. శశి మాత్రం అప్పుడే ఫోన్ నంబర్ రాయించుకున్నాడు, నా చేత.

ఏప్రిల్ 26

కొరియన్లు ఎక్కువగా ఉండే ఊరు, పాలిసేడ్స్ పార్క్ వెళ్ళాం. డాక్టర్ కిమ్ డెబ్భై ఏళ్ళ మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. ఫారం నేనే ఫిల్ చేశాను. మందులేమైనా వాడుతున్నారా అన్నచోట ఏమీ లేవని రాశాను. ఆయన నోటితో మళ్ళీ అడిగాడు, అలర్జీలున్నాయా, ఏ టాబ్లెటైనా వేసుకుంటున్నాడా అని. లేదన్నాను. ఆపేశాంగా మరి.

ముంజేతి మీద ఒక్క చుక్క ఎక్కించి ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాడు. ఎర్రబడనే లేదు. సరిపడుతుంది అన్నాడు.

మే 17

నాలుగో సిటింగ్. ఇవాళ గుండీలు తనే పెట్టుకున్నాడు. అంతటితో ఊరుకోక నాకు జడ వేస్తానని కూర్చున్నాడు. వంకరటింకర జడ. విప్పబుద్ధి కాక దాంతోనే గ్రోసరీకి వెళ్ళాను. కార్‌లో ఏడ్చాను, సంతోషంతోనే.

మే 20

పుప్పొడి తుమ్ములకని మార్చి నుంచీ శశికి రోజూ కాఫీతో ఇస్తున్న సెట్రిజిన్ అయిపోయింది. తన ఫ్రెండ్ రాజారావు ఆదివారం హైదరాబాద్ నుంచి వస్తున్నాడు. పది స్ట్రిప్పులు తెమ్మన్నాను. నాలుగు రోజులు తుమ్మితే ఏం పోతుందిలే.

మే 24, ఉదయం

గుమ్మం దాటబోతూ తుమ్మాడు. ఒంటి తుమ్ము. వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించాను. ఈ లెక్కన ప్రతి తుమ్ముకీ ఆగితే పార్సిప్పనీలోనే ముసలివాళ్ళం అయిపోతాం అన్నాడు. నవ్వుకున్నాం. ఐదో సిటింగ్‌కి బయల్దేరుతున్నాం.

మే 25

శశి లేడు.

సూది వేసిన ఐదు నిమిషాలకి పెదవులు వాచాయి. గొంతు పట్టేస్తోంది అన్నాడు. కిమ్ తొడలో ఏదో ఇంజెక్షన్ పొడిచాడు, 911కి ఫోన్ చేశాడు, నేల మీద పడుకోబెట్టి గుండె మీద నొక్కుతూనే ఉన్నాడు. అంబులెన్స్ వాళ్ళు ఆయన్ని పక్కకి లాగాల్సి వచ్చింది.

మే 29

ఇల్లంతా జనం. ఆ కొరియన్‌ని వదలకూడదు అంటున్నారు అంకుల్. లైసెన్స్ పీకించాలి అంటున్నాడు రాజారావు. లాయర్ నంబర్ ఇచ్చాడు. తర్వాత బ్యాగ్‌లోంచి పది స్ట్రిప్పులు తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

జూన్ 6

హాస్పిటల్ నుంచి అలర్జీ డాక్టర్ ఫోన్ చేసింది. ఆయన అలర్జీ మాత్రలేమైనా వాడేవారా అని అడిగింది. అవి ఒంట్లో ఉంటే టెస్ట్‌లో చెయ్యి ఎర్రబడదట, ఉన్న అలర్జీ కూడా బయటపడదట. లేదన్నాను. అలవాటుగా వచ్చేసింది ఆ మాట.

సెట్రిజిన్ కూడా ఒక మందేనా? మా ఇళ్ళలో అది ఉప్పూ పప్పుతో సమానం. సూట్‌కేసులో ఆవకాయ పక్కన వచ్చేది. మందుల గురించి అడిగితే అది గుర్తుకే రాలేదు నాకు. ఆ ముసలాయన రాతలో ఒకసారి, నోటితో ఒకసారి అడిగాడు. అందరూ ఆయన్నే తిడుతుంటే నేను వింటూ కూర్చున్నాను.

జూన్ 12

డాక్టర్ల లైసెన్సులు చూసే స్టేట్ బోర్డ్ నుంచి ఒకావిడ వచ్చింది. మందులేమైనా వాడేవారా అని అడిగింది. ఖాళీ స్ట్రిప్ ఆవిడ ముందు పెట్టాను.

రోజుకొకటి అన్నాను. కాఫీతో. నేనే ఇచ్చేదాన్ని.