డెల్ఫీ ఫారంలో మిగిలిన గడి

మంగళవారం, రాత్రి

మొత్తానికి ఇవాళ సుబేదారిలో ట్రావెల్స్ ఆఫీసు మెట్లెక్కాను. ఇరవై ఆరేళ్లు పరకాల బడిలో పిల్లలకు గ్రీసు పాఠం చెప్పాను. దేవుణ్ణి ప్రశ్న అడగడానికి జనం ఎంతో దూరం నడిచి డెల్ఫీ గుడికి వచ్చేవారని చెప్పేదాన్ని. ఆ గుడి శిథిలాలను ఒక్కసారి చూసి రావాలి.

ఫారం మొదటి వరుసలో ఆయన పేరు రాసి, కింద 'భార్య' అని నా పేరు రాశాను. ఆయన రైల్వే పాసు మీద తిరిగినన్నాళ్లూ కాజీపేటలో అలాగే రాశాం. చేతికి అదే అలవాటు.

కౌంటర్ దగ్గరి పిల్ల చూసి, "సార్ పాస్‌పోర్ట్ తేలేదా మేడం?" అంది.

"సార్ లేరు బిడ్డా. పోయి రెండేండ్లాయె."

పాపం, గబగబా ఇంకో ఫారం ఇచ్చింది. "అక్కడ అంతా గుట్టనే అంట. ఒక్కరే పోతరా?"

"గుట్టెక్కుడు నాకు ఫికర్ లేదు" అన్నాను. నిజమే. ఎక్కాక పక్కకు తిరిగి "చూసిన్రా?" అని ఎవరిని అడగాలన్నదే...

ఫారం ఇంటికి తెచ్చుకుని అన్నీ నింపాను. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి అన్న గడి ఒక్కటి మిగిలింది. గ్రీసు అనగానే చెల్లెలు, "పిచ్చా అక్కా నీకు? ఇంట్ల ఉండరాదు?" అంది. దాని నంబరు రాయబుద్ధి కాలేదు. ఫోన్‌లో పేర్లన్నీ పైనుంచి కిందికి చూశాను.

చూడకుండా రాయగలిగిన నంబరు నాకు ఒక్కటే వచ్చు, ఆయనది. అదే రాశాను. పొద్దున కొట్టేయాలి.