రాజవ్వ పేరు చెప్పాను

సిద్దిపేట,
ఆదివారం పొద్దున.

సునీతక్కకు,

నీ చెల్లెలు మాధవి నమస్కరించి రాస్తున్నది. నువ్వు, బావ, పిల్లలు అందరూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? తగ్గిందని మొన్న ఫోన్‌లో తనే చెప్పింది కానీ, ఆ విషయంలో అమ్మ మాట నమ్మడానికి లేదు. ఒకసారి నువ్వే వెంటబెట్టుకుని దవాఖానకు తీసుకుపో. చిన్నోడికి జ్వరం పూర్తిగా పోయిందా? నేను ఇక్కడ బాగానే ఉన్నాను. ఒంట్లో ఏ జబ్బూ లేదు. రంది పెట్టుకోకు.

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని అనుకుంటావు. ఫోన్‌లో నువ్వు "ఎట్లున్నవే?" అని అడగగానే నా నోట్లోంచి "మంచిగున్న" అని దానంతట అదే వచ్చేస్తోంది. రెండు నెలలుగా ఇదే వరస. బస్సెక్కితే పూట తిరక్కుండా బెజ్జంకిలో నీ ముందుంటాను. అయినా పని ఎక్కువ ఉందని చెప్పి రాలేదు. పని ఎక్కువే, అది అబద్ధం కాదు. కానీ రాకపోవడానికి కారణం అది కాదు. కాగితం మీదైతే మధ్యలో మాట మార్చలేను కదా, అందుకే రాస్తున్నాను. చదవగానే ఫోన్ మాత్రం చేయకు.

నన్ను మేనేజర్‌ను చేశారని చెప్పిన రోజు నువ్వు చిన్నోడి అంగన్‌వాడీలో టీచరమ్మ దగ్గర్నుంచి ఆయమ్మ దాకా అందరికీ చెప్పుకున్నావు. ఆ ఉద్యోగం నాకు ఎట్లా వచ్చిందో నీకు పూర్తిగా చెప్పలేదు. నేను ఈ కుట్టు యూనిట్‌లో చేరింది బిల్లులు, స్టాకు కంప్యూటర్‌లో ఎక్కించడానికి. పాత మేనేజర్ హైదరాబాద్‌లో వేరే పని దొరికి ఉన్నట్టుండి వెళ్లిపోయాడు. మా ఓనరు సారు నన్ను పిలిచి, "రేపటి సంది ఇదంత నువ్వే చూసుకో. డిగ్రీ చదివినవు, కంప్యూటరొస్తది, ఇంకేం గావాలె?" అన్నాడు. సార్, నాకు గుండీ కుట్టడం కూడా సరిగా రాదు అని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. తల ఊపి వచ్చేశాను. సంతోషమా అంటే, అదీ కాదు. ఎవరిదో చీర కట్టుకుని పెళ్లికి పోయినట్టు అనిపించింది.

హాల్లో ముప్పై మంది ఆడవాళ్లు. ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ నాకంటే పెద్దవాళ్లు. వాళ్లకు తెలియని పని లేదు, నాకు తెలిసిన పని లేదు. అందరికంటే పెద్దది రాజవ్వ. కటింగ్ టేబుల్ ఆమెది. నారాయణరావుపేట నుంచి పొద్దున్నే బస్సులో వస్తుంది. యాభై దాటి ఉంటాయి. చదువు రాదు. కానీ బట్టను రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, ఇది ఎక్కడ జారుతుందో, ఎక్కడ సాగుతుందో చెప్పేస్తుంది. మేనేజర్ వెళ్లిపోతే ఆమెనే పెడతారని హాల్లో అందరూ అనుకున్నారట. ఆ మాట నాకు తర్వాత తెలిసింది.

మొదటి నెలంతా తెలిసినట్టు నటించాను. ఎవరైనా ఏమన్నా అడిగితే "చూసి చెప్త" అని అద్దాల గదిలోకి పోయి ఫోన్‌లో వీడియోలు వెతికేదాన్ని. మధ్యాహ్నం ఆ గదిలోనే ఒక్కదాన్నే బాక్స్ తెరిస్తే, రాజవ్వ తలుపు తోసి, "మేనేజర్‌వైతే ఏంది బిడ్డా, ఒక్కదానివే తింటవా? గీడికి రా" అని పిలిచేది. ఆమె పచ్చిపులుసు నా అన్నంలో పోసేది. కోమటి చెరువు దగ్గర నేను కిరాయికి ఉంటున్న గదిలో గిన్నె, స్టవ్వు ఉన్నా, నేను పెద్దగా వండుకునేదాన్ని కాదు. ఆ నెలంతా నేను కడుపునిండా తిన్న తిండి ఏదంటే, ఆ మధ్యాహ్నం తిండే.

ఆగస్టులో ఒక హాస్టల్ ఆడపిల్లలకు రెండో జత యూనిఫాం ఆర్డర్ వచ్చింది. బట్ట కొత్త రకం. తాన్లు ఆలస్యంగా దిగాయి. సారు రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేస్తున్నాడు. కోయడానికి అంతా పరిచాక రాజవ్వ నా దగ్గరికొచ్చి, "బిడ్డా, గీ బట్ట నేనెన్నడు కోయలె. ఓ ముక్క తడిపి ఆరేసి చూద్దాం. ఉతికితే గుంజుకుంటదేమో" అన్నది.

అక్కా, ఉతికితే బట్ట కుంచించుకుపోతుందని తెలియని ఆడది ఉంటుందా? తెలుసు. కానీ కోసే ముందు దాన్ని చూడాలని, దానికి తగ్గట్టు కొలత పెంచాలని నాకు తెలియదు. చుట్టూ అందరూ చూస్తున్నారు. ఎంత పెంచాలని ఆమె అడిగితే ఏం చెప్పాలి? ఆ భయంతో, "టైం లేదు రాజవ్వా. కొలతలన్నీ కాగితం మీద ఉన్నయి గదా, కొయ్యి" అన్నాను. గొంతు కొంచెం పెంచే అన్నాను. ఆమె నా ముఖం వంక ఒక క్షణం చూసి, కటింగ్ మిషన్ ఆన్ చేసింది.

మూడు వారాల తర్వాత హాస్టల్ వార్డెనమ్మ ఆటోలో రెండు మూటలు వేసుకుని వచ్చింది. ఒక కుర్తా తీసి టేబుల్ మీద పరిచింది. "ఒక్కసారి ఉతికితేనే గిట్లయింది. గివి పిల్లలెట్ల తొడుక్కోవాలె? చేతులు పైకి లేస్తలేవు" అన్నది. అదే సమయానికి సారు కూడా వచ్చి ఉన్నాడు. హాల్లో మిషన్లన్నీ ఆగిపోయాయి. సారు నా వైపు తిరిగి, "ఎవరు కోసిన్రు గివి?" అని అరిచాడు.

"కటింగ్ రాజవ్వ చూసుకుంటది సార్" అన్నాను.

ఇది అబద్ధం కాదు చూశావా అక్కా? కటింగ్ ఆమే చూసుకుంటుంది. ఆ నాలుగు మాటల్లో ఒక్కటి కూడా తప్పు కాదు. ఈ రెండు నెలలుగా పళ్లు తోముకుంటున్నా, బస్టాండ్ దగ్గర ఇడ్లీ తింటున్నా అవే మాటలు తిప్పి తిప్పి చూసుకుంటున్నాను.

సారు ఆమెను అందరి ముందూ అనరాని మాటలన్నాడు. కళ్లు కనిపిస్తలేవా అన్నాడు, ముసలితనమొస్తే ఇంట్ల కూసో అన్నాడు. నేనే కొయ్యమన్నానని ఆమె ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. నా వైపు చూసింది. నేను చెబుతానని చూసిందేమో. నేను వార్డెనమ్మ తెచ్చిన మూట ముడి విప్పుతున్నట్టు తల దించుకున్నాను. రాజవ్వ తన సంచీ భుజాన వేసుకుని, చెప్పులేసుకుని బయటికి నడిచింది. మళ్లీ రాలేదు.

అప్పటి నుంచి హాల్లో నాతో ఎవరూ ఎదురు మాట్లాడరు. చెప్పిన పని చేస్తారు, "సరే మేడం" అంటారు. మధ్యాహ్నం అందరూ కింద గుండ్రంగా కూర్చుని తింటారు. నేను అద్దాల గదిలో తింటాను. ఎవరూ పిలవరు. వాళ్లను నేనేమీ అనలేను. అందరికీ తెలుసు కదా, ఆ రోజు ఆమె తడిపి చూద్దామన్నప్పుడు అందరూ విన్నారు కదా.

ఒక వారం ఓపిక పట్టాను. తర్వాత సారు దగ్గరికి పోయి తప్పు నాదేనని చెప్పేశాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. పోతే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన సెల్‌ఫోన్ చూసుకుంటూ విని, "అయితే ఏందమ్మా? ఎవరి మీదనో ఒకరి మీద పోవాలె గద. ఆ వార్డెన్‌కు ఎవరో ఒకరు వెళ్లిపోయినట్టు కనపడ్డది, ఆర్డర్ నిలబడ్డది. ఇగ గీ ముచ్చట ఎవ్వరికి చెప్పకు. మెల్లమెల్లగ నేర్చుకుంటున్నవు, మంచిదే" అన్నాడు.

మెచ్చుకున్నాడక్కా. మూడు నెలల్లో మొదటిసారి ఆయన నన్ను మెచ్చుకున్నది అందుకు.

పోయిన ఆదివారం నారాయణరావుపేట పోయాను. అడిగితే ఇల్లు చూపించారు. వాకిట్లో రాజవ్వ, ఆమె కోడలు మక్క కంకులు ఒలుస్తున్నారు. నన్ను చూసి లేచి నిలబడింది. "రాండ్రి మేడం. కూసోండ్రి" అని కుర్చీ వేసింది. కోడలితో, "చాయ్ పెట్టు, మేనేజర్ మేడం వచ్చింది" అన్నది. ఎన్నడూ నన్ను బిడ్డా అని తప్ప పిలవని మనిషి.

"సారుకు చెప్పిన రాజవ్వా. తప్పు నాదే అని చెప్పిన. నువ్వు మళ్ల రా" అన్నాను.

ఆమె కంకి పక్కన పెట్టింది. "సారుకు చెప్పిన్రా? మంచిది. నా పేరు తీసింది ముప్పై మంది ముంగట గద మేడం. వాళ్లకు చెప్పిన్రా?"

తల అడ్డంగా ఊపాను.

"మీకు పని రాదని నాకు మొదటి దినమే ఎరుకయింది. రానందుకు నేనెన్నడన్న నవ్విన్నా? అడుగుతరేమో అని చూసిన. అడిగితే చెప్పకపోదునా?" అన్నది. గొంతులో కోపం లేదు. కోపముంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

"ఇప్పుడు అడుగుతున్న. వచ్చి నేర్పియ్యి" అన్నాను.

"నేను రాను మేడం. కోపంతోని కాదు. ఇరవై ఏండ్లు కోసిన, ఎవ్వలు ఒక మాట అనలె. గిప్పుడు కత్తెర పడితె ఆ మాటలే ఇనపడ్తయి, చెయ్యి వణుకుతది. చెయ్యి వణికే మనిషి బట్ట కోయద్దు."

చాయ్ తాగించే పంపింది. బస్టాప్ దాకా కోడలిని తోడు పంపింది. బస్సు వచ్చేదాకా ఆగకుండా ఆ పిల్ల వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున్నే హాల్లో మిషన్లు ఆపమన్నాను. తడిపి చూద్దామని రాజవ్వ అన్నది, వద్దని కొయ్యమన్నది నేను, తెలియక అన్నాను, తెలియదని చెప్పడానికి సిగ్గుపడి అన్నాను, సారు ముందు ఆమె పేరు చెప్పింది నేను, అని మొత్తం చెప్పాను. ఎవరూ ఓదార్చలేదు. ముందు వరసలో కూర్చునే కవిత అనే అమ్మాయి, "గిది మాకు అప్పుడే తెలుసు మేడం. ఆమె ఉన్నప్పుడు చెప్తె అయిపోతుండె" అని మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. మిగతా వాళ్లూ మొదలుపెట్టారు.

సాయంత్రానికి సారుకు తెలిసింది. చెప్పొద్దన్న ముచ్చట ఎందుకు చెప్పినవని తిట్టాడు. "నీకు మేనేజరీ చాతగాదు" అన్నాడు. ఆ మాట నిజమే. కానీ తీసేయలేదు. కంప్యూటర్ చూసేవాళ్లు ఇంకొకరు దొరకలేదట. అందుకని ఇంకా నేనే మేనేజర్‌ను.

ఇప్పుడు పొద్దున గంట ముందే పోతున్నాను. కుట్టు నేర్చుకుంటున్నాను. తెలియనిది తెలియదనే చెబుతున్నాను. కవిత ముఖం చూడకుండానే చూపిస్తుంది, నేను చూసి నేర్చుకుంటాను. నాకది చాలు. కటింగ్‌కు కొత్తగా ఒకాయన వచ్చాడు. పని మామూలుగానే సాగుతోంది. మామూలుగా సాగడమే నాకు ఎక్కువ బాధగా ఉంది.

ఇక్కడ చలి మొదలైంది. నా ఊదా రంగు స్వెటర్ అమ్మ పెట్టెలో ఉంటుంది, ఎవరైనా ఇటు వస్తుంటే పంపించు. కొంచెం చింతకాయ తొక్కు కూడా. తిండి తింటున్నాను, నిజంగానే తింటున్నాను. ఈ మధ్య గదిలో వండుకుంటున్నాను కూడా. ఇంటి ఓనరు ముసలమ్మ మంచిది, అప్పుడప్పుడు కూర ఇస్తుంది. నా గురించి రంది పెట్టుకోకు. అమ్మకు మాత్రం ఇదంతా చదివి వినిపించకు. నేను బాగున్నానని ఉన్న మొదటి ముక్క వరకు చదివి మడిచెయ్యి.

బావకు నమస్కారాలు. అమ్మ కాళ్లకు నా బదులు నువ్వు మొక్కు. పిల్లలకు ముద్దులు. ప్రతిసారీ నీ దీవెన అడిగేదాన్ని, ఈసారి అడగడానికి నోరు రావడం లేదు. ఇయ్యాలనిపిస్తే నువ్వే ఇయ్యి.

వచ్చే శనివారం సాయంత్రం బస్సుకు వస్తాను. నీకు తిట్టాలనిపిస్తే తిట్టు, వింటాను. మాట్లాడాలనిపించకపోతే ఊరుకో, అదీ మంచిదే. కానీ అక్కా, నువ్వు మంచిదానివే, ఏదో అట్లా జరిగిపోయింది అని మాత్రం అనకు. నువ్వు ఆ మాట అంటే నేను నమ్మేస్తాను.

నీ చెల్లెలు,
మాధవి