లండన్ ఐ మీద తెలిసిన సంగతి

2003 జూన్, గురువారం
వాట్‌ఫర్డ్

"నాకు జీపీ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ ఉందే, మా అమ్మానాన్నలకి లండన్ నువ్వు చూపించు" అంది శిరీష. సరేనన్నాను. రెండేళ్లుగా ఒకే ఫ్లాట్‌లో ఉంటూ, కలిసి చదివి, కలిసి డాక్టరు ఉద్యోగాలు వెతుక్కుంటున్నాం.

రాణిగారి ప్యాలెస్ దగ్గర గార్డులు మారడం చూశాక లండన్ ఐ జెయింట్ వీల్ ఎక్కాం. పైకి వెళ్లగానే వాళ్లమ్మగారు కళ్లు మూసుకున్నారు.

"భయమా ఆంటీ?"

"కాదమ్మా, దణ్ణం పెట్టుకుంటున్నా. ఈపాటికి దాని ఇంటర్వ్యూ అయిపోయుంటుంది. పిల్లల వార్డులో పోస్టంట. నువ్వెందుకు వెళ్లలేదు?"

ఆ పోస్టు రద్దయిందని పోయిన నెల నాతో చెప్పింది శిరీషే. నింపిన అప్లికేషన్ నా చేత్తోనే చింపేశాను.

కిందికి దిగేదాకా ఆవిడకి నదినీ, పార్లమెంటునీ చూపిస్తూనే ఉన్నాను.

ఇంటికి రాగానే శిరీషని వంటింట్లోకి పిలిచి, "ఇంటర్వ్యూ ఎలా జరిగింది?" అని అడిగాను.

"ఉన్నది ఒక్క పోస్టే కదే" అంది.

నిజమే. కానీ ఇద్దరం వెళ్లి, దానికే వచ్చి ఉంటే, ముందుగా స్వీట్లు కొనేది నేనే. ఇప్పుడు మాత్రం దానికి రాకూడదని కోరుకుంటున్నాను. నేనిలాంటిదాన్ని కాదు...